మగ్గం అర్రను కిరాయికి ఇచ్చిన సంగతి

మా ఆయన పోయిన ఏడాది తరువాత, ఇంటి ముందు అర్రను కిరాయికి ఇవ్వాలని నిశ్చయం చేసుకున్నాను. అప్పటికి నాకు అరవై రెండేళ్లు. చదివింది మూడో తరగతి. కూడికలు, తీసివేతలు మాత్రం ఎవరికీ తీసిపోను.

ఆయన ఉన్నన్నాళ్లూ శత్రంజీలు నేసిన కూలి వారం వారం వచ్చేది. పెళ్లిళ్లల్లో కింద పరుస్తారే, ఆ చారల శత్రంజీలు. ఆయన పోయాక చేతికి వచ్చేది పింఛను ఒక్కటే. కూతుళ్లిద్దరూ వరంగల్‌లోనే ఉన్నారు. తమ దగ్గరికి వచ్చి ఉండమన్నారు. నేను వెళ్తే రెండో రోజు వాళ్ల గ్యాస్ పొయ్యి మంట తగ్గిస్తాను, మూడో రోజు గొడవ అవుతుంది. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకని ఇల్లే నాకు తిండి పెట్టాలని అనుకున్నాను.

మా ఇల్లు రైలు పెట్టెల్లా వరుసగా మూడు అర్రలు. రోడ్డు వైపు ముందు అర్ర, నడుమ మగ్గం అర్ర, వెనుక వంటిల్లు. పక్కన మనిషి నడిచేంత సందు, దాని చివర కొంచెం ఖాళీ జాగా. ముందు అర్ర కిరాయికి ఇచ్చి, ఆ జాగాలో వాళ్లకు ఒక చిన్న వంటగది, బాత్రూం కట్టించి, నేను వెనుక ఉంటాననేది నా ఆలోచన. మగ్గం అర్ర మూసి ఉంచుతాను.

ఈ పనిలో నాకు తెలిసిన మనిషి ఒక్కతే, మా ఆడబిడ్డ. ఆయనకు చెల్లెలు. హసన్‌పర్తిలో కాలేజీల దగ్గర నాలుగు అర్రలు చదువుకునే పిల్లలకు కిరాయికి ఇచ్చి పదేళ్లుగా నడిపిస్తోంది. కబురు చేస్తే బస్సు దిగి, వస్తూనే మొదలుపెట్టింది.

"ఏంది వదినె, నువ్వు గూడ ఓనరమ్మవైతవా?"

"ఎందుకు గావద్దు? నువ్వొక్కదానివే కావాల్నా?"

"గట్లైతే ముందు చాయ్ పెట్టు. ముచ్చటకు పైసలు తీసుకోను గని చాయ్ లేకుంట చెప్ప."

"చక్కెర తక్కువేస్త."

"నువ్వు ఎక్కువేసిందెప్పుడు?"

చాయ్ తాగి ఇల్లంతా తిరిగింది. గోడలు కొట్టి చూసింది. నల్లా తిప్పి చూసింది. ధర్మసాగర్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయని చెబితే, ట్యాంకు పెద్దది పెట్టమంది. కరెంటుకు వేరే మీటరు పెట్టించకపోతే నెల నెలా తగువేనంది. ఆ తరువాత నా నోటుబుక్కు తీసుకుని గీత గీసింది.

"ఏడాదికి పన్నెండు నెలల కిరాయి వస్తదని రాసుకోకు. పదే రాసుకో. ఒక నెల ఖాళీ ఉంటది, ఒక నెలది రిపేర్లు మింగుతయి."

"మంచిది."

"రెండు నెలల అడ్వాన్సు తీసుకో. తీసుకున్నంక దాని మీద చెయ్యి వెయ్యకు. వాళ్లు పోయే దినం లెక్కవెట్టి చేతుల పెట్టాలె."

"మంచిది."

"నడిమి అర్ర గూడ కలిపి ఇయ్యి. అప్పుడు ఫ్యామిలీలొస్తయి. ఒక్క అర్రకు ఎవరొస్తరు?"

"అది ఇయ్య."

"మగ్గం మీద పోగు లేదు, గుంటల దుమ్ము తప్ప ఏం లేదు. దాన్నేం జేస్తవ్, మొక్కుతవా?"

"ఇయ్య అన్న గద."

"ఆయన మా అన్న వదినె. నాకు లేని బాధ నీకేంది?"

"నీకు ఆయన పద్దెనిమిదేండ్లు అన్న. పెండ్లి చేసుకుని పోయినవ్. నాకు నలభై మూడేండ్లు."

ఆ మాటకు ఆమె నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టింది. బస్సు ఎక్కేటప్పుడు మాత్రం, "నీ ఇష్టం. మూసిన అర్రకు గూడ ఇంటిపన్ను కట్టాలె, అది యాదిలో పెట్టుకో" అంది.

మేస్త్రీ లక్షా నలభై వేలు అడిగాడు. పెరట్లో పాత ఇటుకలున్నాయి, పాత తలుపు ఉంది, అవి వాడమని లక్షా ఇరవైకి దించాను. నా దగ్గర ఇరవై వేలున్నాయి. మిగిలిన లక్ష ఎక్కడి నుంచి తేవాలన్నది వారం రోజులు ఆలోచించాను. చిట్టీ ఉంది గానీ, తొందరపడి పాడుకుంటే చాలా వదులుకోవాలి. రెండు బంగారు గాజులున్నాయి, అవి ఇద్దరు కూతుళ్లకు తలా ఒకటి అని ఎప్పుడో చెప్పేశాను. చెప్పిన వస్తువును కుదువ పెట్టను. చివరికి మా మహిళా సంఘంలో తీసుకున్నాను. మూడేళ్లు, నెలకు మూడు వేల నాలుగు వందలు, ఐదో తారీఖున కట్టాలి. సంఘంలో పది మందిమి. ఒకరు కట్టకపోతే మిగిలిన తొమ్మిది మంది వేసుకుని కట్టాలి. నేను ఒకరి మీద పడే మనిషిని కాను.

కిరాయి నాలుగున్నర వేలు పెట్టాను. పది నెలలకు నలభై ఐదు వేలు. కిస్తీలు ఏడాదికి నలభై వేల ఎనిమిది వందలు. పోగా నాలుగు వేల రెండు వందలు మిగులు. చిన్న మిగులే. మూడేళ్లు ఓర్చుకుంటే అప్పు తీరుతుంది, ఆ తరువాత వచ్చిందంతా నాదే. మూడుసార్లు వేసి చూశాను, మూడుసార్లూ అదే వచ్చింది.

ములుగు వైపు నుంచి ఒక జంట వచ్చింది. ఆ అమ్మాయి ప్రైవేటు దవాఖానలో నర్సు, అతను అద్దె జీపు నడుపుతాడు. పెళ్లై ఏడాది. నేను తొలిరోజే చెప్పాను. నీళ్లు పారబోయొద్దు, గోడకు మేకులు కొట్టొద్దు, కిరాయి ఒకటో తారీఖున చేతికివ్వాలి. ఆ అమ్మాయి నవ్వింది. "మా హెడ్ నర్సు గూడ గిట్లనే చెప్తది అత్తమ్మా" అంది. నవ్వు నాకు అంత నచ్చలేదు గానీ కిరాయి మాత్రం ఏ నెలా తప్పలేదు.

మొదటి ఏడాది బాగా గడిచింది. సందు ఊడ్చింది నేను. మోటారు వేసి ట్యాంకు నింపింది, నెలకోసారి ట్యాంకులో దిగి కడిగింది, మోరీ జామ్ అయితే కట్టె పెట్టి తీసింది నేను. దసరాకు ముందు సున్నం కూడా నేనే వేశాను. ఎవరికీ పైసా ఇవ్వలేదు. పనులన్నీ అయ్యాక, మధ్యాహ్నం పూట, మగ్గం అర్ర తలుపు తీసేదాన్ని.

ఆ అర్ర గురించి చెప్పాలి. మాది గుంట మగ్గం. నేలలో తొడల లోతు గుంట ఉంటుంది. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి, పాదాల కింది పలకలు ఒకటి మార్చి ఒకటి తొక్కుతాడు. చేతులతో నాడె అటూ ఇటూ విసురుతాడు. నాడెలో దారం చుట్టిన కండె ఉంటుంది. ఆ కండెలు చుట్టే పని నాది. నా రాట్నం కిటికీ కింద ఉండేది. వెలుతురు కోసం కిటికీ వైపు ముఖం పెట్టి, ఆయనకు వీపు చేసి కూర్చునేదాన్ని. పొద్దంతా మేము మాట్లాడుకున్నది తక్కువ. మగ్గం చప్పుడులో మాట వినబడదు. ఆయన మగ్గం ఆపి "కండె" అంటే వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి ఇచ్చేదాన్ని. ఆయన చెయ్యి అక్కడే ఉండేది. నలభై మూడేళ్లలో ఒక్క కండె కింద పడిన గుర్తు లేదు.

జబ్బు చేసినప్పుడు కూడా మగ్గం మీదున్న శత్రంజీ పూర్తి చేసి, నూలిచ్చి నేయించుకునే సేటుకు పంపాకే పడుకున్నాడు. ఏదీ సగంలో వదిలే మనిషి కాదు. కాబట్టి మగ్గం మీద ఏమీ లేదు. ఖాళీ మగ్గం చూడడానికే రోజూ తలుపు తీసేదాన్ని. చీపురు పట్టుకుని వెళ్లేదాన్ని, ఊడ్చే పని ఉన్నట్టు. ఊడ్చాక కూడా కాసేపు నిలబడేదాన్ని. చూసేందుకు ఏమీ ఉండేది కాదు. అయినా బయటికి రాబుద్ధి అయ్యేది కాదు.

రెండో ఏడు వానాకాలంలో సందులో పాకుడు గీకుతూ జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. నర్సమ్మాయే ఆటోలో దవాఖానకు తీసుకెళ్లి కట్టు కట్టించింది. నెలన్నర కట్టు, ఆ తరువాత మరో నెలన్నర బరువు ఎత్తొద్దన్నారు.

ఊడ్చడానికి, మోటారు వేయడానికి నెలకు పన్నెండు వందలిచ్చి ఒక మనిషిని పెట్టాను. ఆమె ఒకనాడు మోటారు వేసి మరిచిపోయి వెళ్లింది. నల్లా ఆగిపోయినా మోటారు తిరిగి తిరిగి కాలిపోయింది. దాని వైండింగుకు మూడు వేలు. మూడు నెలల్లో ఆమెకిచ్చిన మూడు వేల ఆరు వందలు, మోటారుకు మూడు వేలు, ఏడాది మిగులు దాటిపోయింది. దవాఖాన ఖర్చు అది కాక. రెండు నెలలు కిస్తీకి తక్కువ పడింది. ఐదో తారీఖున సంఘం ఆడవాళ్ల ముందు చేతులు ఊపుకుంటూ వెళ్లడం నా వల్ల కాలేదు. బియ్యం డబ్బాలో గుడ్డ మూటలో దాచిన అడ్వాన్సు తొమ్మిది వేలు తీసి వాడాను. వాడకూడదని తెలిసే వాడాను.

చెయ్యి చూడడానికి ఆడబిడ్డ వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టి, నోటుబుక్కు అడిగింది. మెల్లగా చూసింది.

"అన్నీ రాసినవ్ వదినె. ఇంటిపన్ను రాసినవ్, సున్నం రాసినవ్, బల్బు గూడ రాసినవ్. మరి నీ కూలేది?"

"నా కూలేంది? నా ఇల్లు నేను ఊడ్చుకుంటే కూలా?"

"ఇప్పుడు ఆమెకు పన్నెండొందలు ఇస్తున్నవ్ గద. మరి నిన్నటిదాంక ఎవరిచ్చిండ్రు?"

"ఎవరిస్తరు?"

"గదే అంటున్న. ఇంట్ల నువ్వున్నవ్ గని లెక్కల లేవు. నువ్వు మంచంల పండినవ్, లెక్క గూడ పండింది."

నాకు కోపం వచ్చింది. బత్తాయి పుల్లగా ఉందని పక్కన పెట్టాను. ఆమె వెళ్లాక తిరిగి తిన్నాను. ఆమె అన్నది నిజమే. అసలు మాకు అలా లెక్క వేసే అలవాటే లేదు. సేటు శత్రంజీకి ఇంత అని ఇచ్చేవాడు. అది నేసినవాడి కూలి. కండెలు చుట్టినందుకు, దారానికి రంగు వేసి ఆరబెట్టినందుకు వేరే లెక్క ఏ ఇంట్లోనూ లేదు. ఆడవాళ్ల పని ఆ కూలిలోనే కలిసిపోయి ఉండేది. మా అమ్మా అంతే, మా అత్తా అంతే. కిరాయి లెక్క వేసేటప్పుడు కూడా నేను అలాగే వేశాను. వేరే ఎవరైనా ఈ తప్పు చేసి ఉండేవారు కాదేమో.

ఆ వారంలోనే నర్సమ్మాయి వచ్చి గడపలో నిలబడింది.

"అత్తమ్మా, ఒక మాట. మా అమ్మకు కండ్ల ఆపరేషన్ చేయించాలె. ఊర్ల ఒక్కతే ఉండలేదు. ఇక్కడికి తెచ్చుకుంట. మాకు ఇంకో అర్ర కావాలె."

నేను బియ్యం చేట పక్కన పెట్టాను.

"నడిమి అర్ర మీరు ఇస్తనంటే, ఇంకో రెండున్నర వేలు కలిపి ఏడు వేలిస్తం. బలవంతం ఏం లేదు. మీరు ఇయ్యకుంటే వచ్చే నెల వేరే ఇల్లు చూసుకుంటం. మా అడ్వాన్సు జర తయారుగ ఉంచండి."

వాళ్ల అడ్వాన్సు నా దగ్గర లేదు. వాళ్లు వెళ్తే తొమ్మిది వేలు తేవాలి, ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఐదో తారీఖు మాత్రం వస్తుంది. ఆమె తప్పు ఏమీ లేదు. మర్యాదగా అడిగింది. మూడు రోజులు గడువు అడిగాను.

ఆ మూడు రోజులూ మగ్గం అర్ర తలుపు తీయలేదు. తీస్తే ఇవ్వనని చెప్పేస్తానని నాకు తెలుసు. నోటుబుక్కు ముందు పెట్టుకుని ఎడమ చేత్తో వంకరగా రాశాను. ఏడు వేల చొప్పున పది నెలలకు డెబ్బై వేలు. కిస్తీలు నలభై వేల ఎనిమిది వందలు. ఊడ్చే కూలి నెలకు పన్నెండు వందలు, అది నేను ఊడ్చినా సరే, వేరే మనిషి ఊడ్చినా సరే. అలా వేసినా మిగులుతోంది. అడ్వాన్సు తిరిగి మూటలోకి చేరుతుంది. ఇవ్వనని చెప్పడానికి లెక్కలో ఒక్క కారణం దొరకలేదు. లెక్కలో లేని కారణం మీద అప్పు ఎవరు కడతారు?

నాలుగో రోజు పొద్దున ఆ అమ్మాయి డ్యూటీకి వెళ్తుంటే సందులో ఆపి చెప్పాను. "ఇస్త. మీ అమ్మను తెచ్చుకో. గోడకు మేకులు మాత్రం కొట్టొద్దు."

"సరే అత్తమ్మా" అంది. ఈసారి నవ్వలేదు.

వెనుక వాడలోని ఒక ముసలి నేతగాడు కట్టె ధరకు మగ్గం తీసుకుంటానన్నాడు. రాట్నం కూడా తీసుకెళ్లమన్నాను. "నాడె ఒకటన్న ఉంచుకో వదినె, యాదికి" అన్నాడు. వద్దన్నాను. ఉంచుకుంటే రోజూ దుమ్ము దులపాలి.

ఆ ముసలాయన రాకముందు గుంట శుభ్రం చేయాలి. కూలి మనిషిని పెడితే మూడు వందలు అడుగుతుంది. చెయ్యి అప్పటికి కొంచెం కుదురుకుంది కాబట్టి నేనే దిగాను. ఇన్నేళ్లలో ఆ గుంటలో నేను దిగడం అదే మొదలు. అది మా ఆయన జాగా. అడుగున జానెడు మందం నూలు దుమ్ము, తెగిన పోగులు, బీడీ ముక్కలు, ఒక పాత రూపాయి బిళ్ల. అన్నీ తట్టలోకి ఎత్తాను. నడుము నొప్పి పుట్టి, ఆయన కూర్చునే అంచు మీద కూర్చున్నాను. కాళ్లు పలకలకు అందలేదు. ఆయన పొడగరి.

తల ఎత్తాను. ఎదురుగా నా కిటికీ. కిటికీ కింద నేను కూర్చున్న చోట నేల నున్నగా, కొంచెం పల్లంగా మెరుస్తోంది. గుంట నుంచి చూస్తే అర్రలో కనిపించేది అదొక్కటే. మగ్గం, పోగులు, ఆ పైన నేను. నాడె విసిరే మనిషికి చూపు నేత మీదే ఉంటుందని అనుకున్నాను ఇన్నాళ్లూ. నిజమే, ఉంటుంది. కానీ చెయ్యి అలవాటు పడ్డాక కళ్లు ఎంతసేపని చారలనే చూస్తాయి? తల ఎత్తిన ప్రతిసారీ ఆయనకు నేనే కనిపించి ఉంటాను. నా వీపు, నా కొప్పు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. కండెలు అయిపోతాయని చూడలేదు. ఒక్కసారైనా తిరిగి ఉంటే ఆయన ముఖం ఎలా ఉండేదో తెలిసేది. ఇప్పుడు ఎవరిని అడగను?

మగ్గం కోసం వచ్చిన ముసలాయన గడపలో దగ్గితే లేచాను.

మగ్గం విప్పి తీసుకెళ్లాడు. గుంటలో మొరం పోయించాను. తడిపి, దిమ్మిసతో కొట్టించి, పైన బండలు పరిపించాను. బండ కింద బోలుగా ఉంటే తరువాత కుంగుతుందని మేస్త్రీని దగ్గరుండి కసిరాను. ఆడబిడ్డ ఆ రోజు వచ్చింది. పని చూస్తానని చెప్పి వచ్చింది గానీ, గుంట నిండుతుంటే బయట సందులోనే నిలబడింది. లోపలికి రాలేదు. "దుమ్ము పడ్తలేదు వదినె, దగ్గొస్తున్నది" అంది. ఆ పూట చాయ్‌లో చక్కెర సరిపడా వేశాను. ఆమె తాగి, ఎక్కువైందనీ అనలేదు.

ఇప్పుడు ఆ అర్రలో నర్సమ్మాయి తల్లి ఉంటోంది. కళ్లు బాగయ్యాయి. వంటింటి వైపున్న తలుపుకు నా వైపు గొళ్లెం పెట్టాను, వాళ్ల వైపు వాళ్లు పెట్టుకున్నారు. కిరాయికిచ్చిన అర్రలోకి పిలవకుండా వెళ్లడం మర్యాద కాదు. పనిలేకుండా పిలిపించుకోవడం నాకు చేతకాదు. సందులో నుంచి నడిచి, రోడ్డు వైపు తిరిగి, ముందు తలుపులో నిలబడితే మాత్రం నడిమి అర్ర సగం దాకా కనిపిస్తుంది.

అప్పుకు ఇంకా పది కిస్తీలున్నాయి. ఒక్కటి కూడా తప్పలేదు. అడ్వాన్సు మూట బియ్యం డబ్బాలో ఉంది. పాతికేళ్ల మనిషి ఎవరైనా వచ్చి ఇల్లు కిరాయికి ఇవ్వడం గురించి చెప్పమంటే, లెక్కలో మీ కూలి రాసుకోండని చెబుతాను. అంతకు మించి నాకు తెలిసింది లేదు.

నర్సమ్మాయి మొన్న అడిగింది, "అత్తమ్మా, ప్రతి నెల మీరు చుట్టు తిరిగి వచ్చుడెందుకు? మీ బిడ్డ ఫోనుకు నేనే పైసలు కొడత. ఆమె తెచ్చిస్తది గద."

"ఫోన్ల పైసలు నాకు తెల్వది. చేతికే ఇయ్యాలె" అన్నాను.

ఆమె పర్సు వెతుక్కునేంత సేపు, నోట్లు లెక్కపెట్టేంత సేపు తలుపులో నిలబడతాను. తీసుకున్నాక నేనూ ఒకసారి లెక్కపెడతాను. అప్పుడప్పుడు రెండుసార్లు. ముసలావిడ మంచం మీద నుంచి "లోపటికి రా అక్కా, కూసో" అంటుంది. పని ఉందంటాను.

ఈ నెల నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి తల దువ్వుకుంటోంది. నన్ను చూసి గోడ మీది క్యాలెండరు వైపు తిరిగింది.

"ఇయ్యాల ఇంక ఇరవై తొమ్మిదే గద అత్తమ్మా."

"అట్లనా? యాది మర్చిన" అన్నాను.